సెల్ఫు నొక్కినను మేల్కొనని బండి

తెల్లవారుజామున అయిదు గంటలు. సుల్తాన్‌పూరునందలి వైద్యపరికరముల పార్కులో మొదటి షిఫ్టునకు పోవలసిన ఒక కార్మికుని ఊహింతము. అతడు వాకిటనున్న మోటారు సైకిలునకు తాళము త్రిప్పి, సెల్ఫు స్టార్టరు బటను నొక్కెను. టక్కుమను చప్పుడు తప్ప వేరేమియు లేదు. షిఫ్టు తప్పినచో ఆనాటి కూలి తప్పును. ప్రక్కింటివాడు వచ్చి, “బ్యాటరీ ఖతమైంది తమ్మీ, కొత్తది ఏస్కో” అని తీర్పు చెప్పును. ఆ సాయంకాలమే కొత్త బ్యాటరీ వచ్చును. మూడవనాడు మరల అదే టక్కు!

ఆ తీర్పు ఎల్లప్పుడు తప్పని మేము చెప్పుట లేదు. విచారణకు ముందే వెలువడుటయే దాని దోషము.

ఈ విచారణలో మొదటి సాక్షి బండియే. తాళము త్రిప్పినపుడు ఒక్క దీపమైనను వెలుగనిచో, మొదట ప్రధానమైన ఫ్యూజును, బ్యాటరీ కొనలను చూడవలెను. దీపములు చక్కగా వెలుగుచు, బటను నొక్కినను ఎట్టి చప్పుడును లేనిచో, దోషము తరచుగా స్విచ్చులలో నుండును. ఇంజను ఆపు ఎఱ్ఱ స్విచ్చి, క్లచ్చి స్విచ్చి, సైడు స్టాండు స్విచ్చి, వీనిలో ఏ ఒక్కటి అడ్డుపడినను స్టార్టరు కదలదు. టకటకమను చప్పుడుతో దీపములు క్రుంగినచో, బ్యాటరీ బలహీనమైనదో, లేక దాని కొన వదులైనదో అనుకొనవచ్చును. ఒక్క టక్కు వినవచ్చి దీపములు క్రుంగనిచో, రిలేను, స్టార్టరు మోటారును శంకింపవలెను. ఇంజను చురుకుగా తిరుగుచు అంటుకొననిచో బ్యాటరీ నిర్దోషియే. అప్పుడు స్పార్కు ప్లగ్గును, దాని టోపీని, కాయిలును, పెట్రోలును పరీక్షింపవలెను. కిక్కు గల బండి సెల్ఫునకు లేవక కిక్కునకు లేచినచో, నిప్పురవ్వ సరిగానే పుట్టుచున్నదని తెలియును.

రెండవ సాక్షి మల్టీమీటరు. రాత్రియంతయు నిలిచియున్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నచో మీటరు 12.6 మొదలు 12.8 వరకు చూపును. 12 కంటె తగ్గినచో అది దాదాపు ఖాళీయైనట్లే. పిమ్మట బటను నొక్కి చూడవలెను. స్టార్టరు తిరుగునపుడు వోల్టేజి కొంత తగ్గుట సహజము. కాని 10 కంటె బాగుగా క్రిందికి జారినచో బ్యాటరీ భారము మోయలేకున్నదని అర్థము. బ్యాటరీ వద్ద వోల్టేజి నిలిచియుండియు స్టార్టరు మందముగా తిరిగినచో, దారిలో ఎచ్చటనో అడ్డు కలదు. వానాకాలపు తేమకు ఎర్తు వైరు కొనను చిలుము పట్టుట ఇట్టి అడ్డులలో ఒకటి. దానిని గీకి బిగించుటకు కాణీ ఖర్చు లేదు.

ఇక కొత్త బ్యాటరీయు మూడవనాటికే ఖాళీ యగుట ఏల? ఇంజను కొంత వేగముతో నడుచునపుడు బ్యాటరీ కొనల వద్ద సుమారు 13.5 మొదలు 14.5 వోల్టులు కనబడవలెను. అట్లు కానిచో బ్యాటరీని నింపు రెగ్యులేటరులోనో, స్టేటరులోనో దోషము కలదు. అప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినను చిల్లుకుండలో నీరు పోసినట్లే. అన్ని భాగములును సరిగా నున్నను, ఇంటినుండి ఫ్యాక్టరీకి మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే పోవు బండికి, సెల్ఫు వాడుకొన్న శక్తి మరల చేరుటకు వ్యవధి చాలకపోవచ్చును. 2017 ఏప్రిలు 1 నుండి మనదేశమున కొత్త ద్విచక్ర వాహనముల ముందు దీపము ఇంజనుతో పాటు ఎల్లప్పుడు వెలుగుచుండుట నియమము. అదియు కొంత శక్తిని తినును. వారమునకొకమారైనను బండిని కొంత దూరము నడపుట మేలు.

1955లో మద్రాసున బులెట్టు బండ్ల కూర్పు మొదలైననాడు, వానిని కాలితో తన్నియే లేపెడివారు. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమములతో పెట్రోలు ఇంజెక్షను మన బండ్లలో విరివిగా వ్యాపించెను. ఇట్టి బండ్లలో పెట్రోలు పంపు సైతము విద్యుత్తుతోనే నడచును గనుక, బ్యాటరీ పూర్తిగా చచ్చినచో కిక్కు ఉన్నను అది అక్కరకు రాకపోవచ్చును.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. ఫ్యూజు కాలినచో అదే ఆంపియర్ల ఫ్యూజునే వేయవలెను. రాగితీగ చుట్టుట మంటను పిలుచుటయే. బ్యాటరీని విప్పునపుడు మొదట నెగటివు కొనను, బిగించునపుడు చివర ఆ కొనను ముట్టవలెను. పెట్రోలు వాసన వచ్చుచోట నిప్పురవ్వ పరీక్ష కూడదు. దానిని మెకానిక్కునకే విడుచుట క్షేమము.

మెకానిక్కు వద్దకు పోయినపుడు “బ్యాటరీ మార్చుము” అని చెప్పక, విన్న చప్పుడును, చూచిన అంకెను చెప్పుడు. అతని శ్రమయు, మీ డబ్బును మిగులును. మరునాటి ఉదయము షిఫ్టు గంటకు ముందే మీరు గేటు చేరుదురు.