లెక్క రాసే కుర్రవాళ్ళు సేద్యానికి కావాలి

"సేద్యగాడు లెక్క చూస్తే నాగలి కూడా మిగలదు" అని మన పల్లెల్లో పాత సామెత. తాతలు ఈ మాట నవ్వుతూ అన్నారు. తండ్రులు నిట్టూరుస్తూ అన్నారు. డిగ్రీ చదివి ఇంటికొచ్చిన కొడుకు మాత్రం ఆ మాట విని ఊరుకోవడం లేదు. "అయితే మరి ఎందుకు చేస్తున్నట్టు నాన్నా?" అని నిలదీస్తున్నాడు. తండ్రి దగ్గర జవాబు లేదు. "నా తరంతో సరి. నువ్వు ఈ మట్టి జోలికి రామాక. పదివేల జీతమైనా సరే, నీడపట్టున బతుకు" అంటున్నాడు.

ఇంట్లో ఈ మాట. వేదికల మీద వేరే మాట. "యువకులు వ్యవసాయంలోకి రావాలి, అగ్రి బిజినెస్‌లో బంగారు భవిష్యత్తు ఉంది" అని పెద్దలు ఉపన్యాసాలిస్తున్నారు. వారిలో ఎంతమంది తమ పిల్లల్ని పొలానికి పంపారో అడక్కండి. అడిగితే సభ రసాభాస అవుతుంది.

యువకులు సేద్యంలోకి రావాలనే మేమూ అంటున్నాం. కాని కళ్ళు మూసుకుని రమ్మనడం లేదు. లెక్క పుస్తకం చేత పట్టుకుని రమ్మంటున్నాం.

బద్ధకం కాదు, బతుకు భయం

పల్లె కుర్రాళ్ళు ఒళ్ళు వంచలేక పట్నాలకు పారిపోతున్నారని అనేవాళ్ళు ఉన్నారు. ఇది అన్యాయమైన మాట. పట్నంలో ఆ కుర్రాడు చేసేది పరుపు మీద పని కాదు. మండుటెండలో మోటారు సైకిలు మీద ఇంటింటికీ అన్నం పొట్లాలు మోస్తున్నాడు. రాత్రంతా గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. ఒళ్ళు వంచడానికి అతనికేం బాధ లేదు. వంచిన ఒంటికి నెలాఖరున ఇంత అని చేతికొస్తుందా లేదా అన్నదే అతని ప్రశ్న.

ప్రభుత్వం వారి జాతీయ నమూనా సర్వేలే ఈ సంగతి చెబుతున్నాయి. వేరే దారి దొరికితే సేద్యం మానుకుంటామని 2003 సర్వేలోనే నూటికి 40 మంది రైతులు చెప్పారు. 2018-19 సంవత్సరానికి చేసిన సర్వే ప్రకారం దేశంలో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798 రూపాయలు. కూలి, జీతం మీద వచ్చింది 4,063 రూపాయలు. అంటే పేరుకు రైతు, పొట్ట పోసుకునేది కూలి మీద. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93 అప్పుల్లో ఉన్నాయని తేలింది. కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణలో నూటికి 91కి పైగా కుటుంబాలకు అప్పులున్నాయి. సగటు 1,52,113 రూపాయలు.

ఈ ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఉపన్యాసాలు ఎలా వినబడతాయో ఊహించుకోండి. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగి, "సేద్యం" అన్నాక మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతున్న రోజులివి.

ఎకరం మిర్చి లెక్క

కాస్త కాగితం, పెన్సిలు తీసుకోండి. గుంటూరు, పల్నాడు వైపు కౌలుకు తీసుకున్న ఒక ఎకరం మిర్చి అనుకుందాం. అంకెలు ఊరికో తీరుగా, ఏటికో తీరుగా ఉంటాయి. మా అంకెలు నచ్చకపోతే కొట్టేసి మీ ఊరి అంకెలు వేసుకోండి.

కౌలు 40,000. దుక్కి, నారు, నాటు, కలుపు 30,000. ఎరువులు, పురుగుమందులు 65,000. కోత కూలి 60,000. నీళ్ళు, పట్టాలు, గోతాలు, బండి కిరాయి 15,000. మొత్తం 2,10,000 రూపాయలు. ఇందులో లక్షన్నర బయట తెచ్చిన అప్పు అనుకుంటే, నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఎనిమిది నెలలకు వడ్డీ 24,000. వెరసి 2,34,000.

దిగుబడి 18 క్వింటాళ్ళు. క్వింటాలు 11,000కు పోతే చేతికొచ్చేది 1,98,000. అంటే 36,000 నష్టం. కౌలు లేని సొంత పొలమైతే 4,000 మిగులు. ఇంటిల్లిపాదీ ఎనిమిది నెలలు చేసిన చాకిరీకి నాలుగు వేలు!

అదే క్వింటాలు 20,000కు పోతే? వచ్చేది 3,60,000. కౌలుదారుకు సైతం 1,26,000 మిగులుతుంది. అదే నేల, అదే విత్తనం, అదే చెమట. తేడా అంతా యార్డులో పలికిన ధరలోనే ఉంది.

ఇది ఉత్త ఊహ కాదు. 2023లో మిర్చి ధర క్వింటాలు 20 వేలు దాటింది. ఆ ధర చూసి అప్పు చేసి వేసినవాళ్ళే 2025 మొదటి నెలల్లో ధర కూలిపోయి గుండెలు బాదుకున్నారు. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. మన 18 క్వింటాళ్ళను ఆ ధరతో హెచ్చవేయండి. పెట్టుబడి మట్టుకు పూడుతుంది, వడ్డీ నెత్తిన మిగులుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఇందుకే.

కల్లం దాటాకే అసలు సొమ్ము

అగ్రి బిజినెస్ అనే పెద్ద పేరుకు పల్లె మాటల్లో అర్థం ఒకటే: పంట కల్లం దాటాక దాని మీద వచ్చే సొమ్ము. కాయను తగుపాటి తేమకు ఆరబెట్టడం, తాలు ఏరి రకాలుగా విడదీయడం, తొడిమ తీయడం, శీతల గిడ్డంగిలో దాచి ధర చూసి అమ్మడం, పొడి కొట్టి పొట్లం కట్టడం, పురుగుమందుల అవశేషాలు, బూజు విషం లేవని పరీక్ష చేయించి ఎగుమతికి పంపడం. మన మిర్చి చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ దాకా పోతోంది. ఈ దారి పొడుగునా ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు నాలుగు రూపాయలు చేసుకుంటున్నారు. మొదటి మెట్టు మీద నిలబడ్డవాడికే ఏమీ మిగలడం లేదు.

చదువుకున్న కుర్రవాడి అవసరం ఇక్కడే ఉంది. తండ్రికి భూమి గుణం తెలుసు, వాన గుణం తెలుసు. కొడుక్కి తేమ కొలిచే యంత్రం తెలుసు, ఏ యార్డులో ఏ ధర పలుకుతోందో సెల్‌ఫోనులో చూడడం తెలుసు, ఒప్పందం కాగితంలో చిన్న అక్షరాలు చదవడం తెలుసు. ఈ రెండు తెలివితేటలూ ఒకే ఇంట్లో కలిస్తే దళారికి చెమటలు పడతాయి.

అయితే ఒక్క హెచ్చరిక. ఒంటరిగా దిగవద్దు. మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. అంటే రెండున్నర ఎకరాలకు కాస్త పైన. కమతాల్లో నూటికి 86 సన్న, చిన్నకారు రైతులవే. ఇంత చిన్న ముక్క మీద పండిన పంటతో ఒక్కడే మిల్లు పెట్టలేడు, గిడ్డంగి కట్టలేడు, పెద్ద కంపెనీతో బేరమాడలేడు. అప్పు చేసి యంత్రం తెస్తే యంత్రం తుప్పు పడుతుంది, అప్పు పెరుగుతుంది.

ములుకనూరు పాఠం

పదిమంది కలిస్తే ఏమవుతుందో చూడాలంటే పరదేశాలు పోనక్కర్లేదు. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ములుకనూరు వెళితే చాలు. అక్కడ 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి పూనికతో రైతులు సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకున్నారు. కాలువ నీళ్ళు పారే సీమ కాదు. అప్పటికి అది మెట్ట ప్రాంతం, వడ్డీ వ్యాపారుల రాజ్యం.

వాళ్ళు అప్పివ్వడంతో ఆగలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది. అప్పు, ఎరువు, విత్తనం సంఘమే ఇస్తుంది. పంట సంఘమే కొంటుంది. ధాన్యానికి మిల్లు, పత్తికి జిన్నింగు, విత్తన వడ్ల శుద్ధి అన్నీ సంఘానివే. మిగులు వస్తే సభ్యులకు బోనస్‌గా తిరిగి వస్తుంది. అంటే మనం చెప్పుకున్న మెట్లన్నీ రైతుల చేతిలోనే ఉన్నాయి. అదే ములుకనూరులో 2000లో మహిళలు పాల సంఘాల యూనియన్ పెట్టుకుని "స్వకృషి" పేరుతో పాలు అమ్ముతున్నారు. బర్రెకు గడ్డి కోసుకొచ్చే ఆడవాళ్ళే డెయిరీకి యజమానులు.

ఇలాంటి సంస్థల్లో లెక్కలు రాసేవాళ్ళు, పాల వెన్న కొలిచేవాళ్ళు, మిల్లు నడిపేవాళ్ళు, సరుకు అమ్మేవాళ్ళు కావాలి. ఇవన్నీ ఉద్యోగాలే. సొంత ఊళ్ళో, తల పైకెత్తుకుని చేసే ఉద్యోగాలు. ప్రభుత్వం అజమాయిషీ తక్కువగా సంఘం పెట్టుకోవడానికి 1995 పరస్పర సహాయ సహకార చట్టం ఉంది. ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002లో కంపెనీల చట్టంలో చోటిచ్చారు. పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం 2020లో వచ్చింది. మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులుండాలి. వ్యవసాయం చదివినవారికి 2002 నుంచి అగ్రి క్లినిక్కుల పథకం ఉంది. ఇవన్నీ వాడుకోండి. కాని ఒక మాట గుర్తుంచుకోండి: సబ్సిడీ కోసం కాగితం మీద పుట్టిన సంఘం సబ్సిడీతోపాటే చస్తుంది. ములుకనూరు నిలిచింది సభ్యులు తమ లెక్క తాము అడిగారు కాబట్టి.

పాలకులకూ లెక్క ఉంది

యువకుల్ని రమ్మనేవాళ్ళు ముందు తలుపు తెరవాలి. 2007 జాతీయ రైతు విధానంలోనే యువతను సేద్యంలోకి ఆకర్షించి నిలుపుకోవాలని రాసుకున్నారు. రాసుకున్నది చేయాలి కదా!

భూమి లేని కుర్రవాడు ఎలా వస్తాడు? కౌలుకే వస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. ఎంతమంది యజమానులు సంతకం పెడతారు? పి.ఎం. కిసాన్ సొమ్ము భూమి ఉన్న కుటుంబాలకే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే పోయింది, కౌలుదారుకు రాలేదు. దున్నేవాడికి అప్పు పుట్టదు, బీమా అందదు.

ఇక ఆడపిల్లల సంగతి. నాట్లు, కలుపు, కోత చేసేది వాళ్ళే. ఆడబిడ్డకు ఆస్తిలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. అయినా పాసుపుస్తకం మీద తన పేరున్న ఆడపడుచులు మీ ఊళ్ళో ఎందరున్నారో ఒకసారి లెక్కపెట్టండి.

ధర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఖర్చు మీద కనీసం సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లో చెప్పింది. మిర్చి, పసుపు అసలు ఆ మద్దతు ధరల జాబితాలోనే లేవు. 2020లో తెచ్చిన ఒప్పంద సేద్యం చట్టంలో రైతుకూ కంపెనీకీ తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోయే వీలు లేకుండా చేశారు. ఢిల్లీ పొలిమేరల్లో ఏడాదికి పైగా చలికీ ఎండకూ కూర్చుని రైతులు 2021లో ఆ చట్టాలను వెనక్కు తీసుకునేలా చేశారు. ఆ గుడారాల్లో తండ్రుల పక్కన కొడుకులు, కూతుళ్ళు ఉన్నారు. సేద్యం మాకక్కర్లేదు అనుకున్న తరమైతే అక్కడికి వచ్చేదా?

చదువుకున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క పని చెబుతాం. ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఊళ్ళో పదిమంది రైతుల ఖర్చు, రాబడి రాయండి. కౌలు, వడ్డీ, ఇంటివాళ్ళ చాకిరీ ఏదీ వదలకుండా రాయండి. రాసింది రచ్చబండ దగ్గర పైకి చదవండి. ఎక్కడ ఎవరు ఎంత తింటున్నారో ఊరంతటికీ ఒకేసారి తెలుస్తుంది. సంఘం పెట్టాలన్న మాట ఆ రోజు మీరు అననక్కర్లేదు. వినేవాళ్ళే అంటారు.

లెక్క చూస్తే నాగలి మిగలదని మన పెద్దలు భయపడ్డారు. ఇన్నాళ్ళూ చూడలేదు, నాగలి మిగిలిందా? ఇప్పుడైనా చూద్దాం.