కరువు కాలంలో క్రైస్తవ పరిచర్య: ఒంగోలు మిషన్ (1876–78) – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడం క్రైస్తవ పరిచర్యలో ప్రధానాంశం. అయితే అన్నం పెట్టే చేతిలోనే మతగ్రంథం కూడా ఉన్నప్పుడు, ఆ సహాయం స్వీకర్త స్వేచ్ఛకు భంగం కలిగించకుండా ఉండగలదా అన్నది పాత ప్రశ్న. ధాత కరువు కాలంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ అనుసరించిన పద్ధతి ఆధారంగా ఈ ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరిచర్య, కనికరం, ధాత కరువు, ఒంగోలు మిషన్, బకింగ్‌హామ్ కాలువ, మాదిగ సమాజం.

1. ఉపోద్ఘాతం

క్రైస్తవ పరిచర్య భావనకు ఆధారంగా లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానాన్ని తరచుగా పేర్కొంటారు. అందులో సమరయుని కనికరాన్ని తెలిపే గ్రీకు క్రియ ‘పేగులు’ అనే అర్థమున్న నామవాచకం నుంచి పుట్టింది. ‘కడుపు తరుక్కుపోవడం’ అనే తెలుగు నుడికారం దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. ఉపమానంలో మరొక అంశం కూడా గమనింపదగినది. సమరయుడు గాయపడినవాణ్ణి నీవెవరివని అడగలేదు. గాయాలు కట్టి, పూటకూళ్ళ ఇంటికి చేర్చి, అతని సంరక్షణకు డబ్బు ఇచ్చి తన దారిన వెళ్ళాడు. ప్రతిఫలంగా ఏమీ కోరలేదు.

మతబోధనే తమ కర్తవ్యంగా భావించి వచ్చిన మిషనరీలకు ఈ ఆదర్శం సులభసాధ్యం కాదు. సేవ, బోధ అనే రెండు బాధ్యతలూ ఒకే వ్యక్తిపై ఉన్నప్పుడు వాటి మధ్య హద్దు ఎక్కడ గీయాలి? 1876–78 నాటి ఒంగోలు అనుభవం ఈ ప్రశ్నకు ఒక ఆచరణాత్మక సమాధానాన్ని చూపుతుంది.

2. కరువు – మాదిగల స్థితి

1876లో వానలు మొహం చాటేయడంతో మొదలైన కరువు మద్రాసు రాజధానిని 1878 వరకు పీడించింది. ధాత నామ సంవత్సరంలో వచ్చినందున ప్రజలు దీన్ని ధాత కరువు అన్నారు. ఆకలికి కలరా, మశూచి తోడై లక్షలాది ప్రజలు మరణించారు. ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించే ఉద్దేశంతో 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. శారీరక శ్రమ చేసేవారికి ఆ కూలి ప్రాణం నిలుపుకోవడానికి కూడా చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ తీవ్రంగా వాదించాడు.

ఈ కరువు అందరినీ ఒకే విధంగా తాకలేదు. మాదిగల జీవనం చెప్పులు కుట్టడం, మోటబావులకు తోలుసంచులు సమకూర్చడం, రైతుల కళ్ళాల్లో లభించే మేర గింజల మీద ఆధారపడి ఉండేది. పంట లేనప్పుడు కళ్ళమూ లేదు, మేరా లేదు. బావులు ఎండితే తోలుసంచి అవసరమూ లేదు. నిల్వధాన్యం లేని ఆ కుటుంబాలు కరువు తొలిదశలోనే నిరాధారమయ్యాయి.

3. కాలువ శిబిరం: పరిచర్య స్వరూపం

జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుంచి అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు కేంద్రంగా పనిచేస్తున్నాడు. మతప్రచారానికి రాకముందు అమెరికాలో భూమి సర్వే పనిచేసిన అనుభవం ఆయనకుంది. సముద్రతీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టినప్పుడు, సుమారు మూడు మైళ్ళ పనిని ఆయన కాంట్రాక్టుగా తీసుకున్నాడు.

ఈ నిర్ణయం వెనుక ఒక నిర్దిష్ట కారణముంది. ఇతర చోట్ల పనికి వెళ్ళిన మాదిగలను పైకులాల మేస్త్రీలు దూషించడం, కూలిలో కోత పెట్టడం జరుగుతుండేది. పని ఉన్నా దాని దగ్గరకు వెళ్ళడానికి వారు జంకేవారు. క్లౌ తన శిబిరంలో మిషన్ బోధకులనే మేస్త్రీలుగా నియమించాడు. వారిలో అత్యధికులు మాదిగలు. కూలివారి ఊళ్ళూ, బంధుత్వాలూ, మాటతీరూ వారికి తెలుసు. చేసిన పనికి కూలి పూర్తిగా అందుతుందన్న నమ్మకంతో దూరగ్రామాల నుంచి జనం నడిచివచ్చారు.

ఇక్కడ పరిచర్య రెండు విధాలుగా కనిపిస్తుంది. ఒకటి, దానంగా కాక కూలిగా అన్నం అందడం. రెండు, పర్యవేక్షణలో అవమానం లేకపోవడం. రెండవది లెక్కల్లోకి రాదు. కానీ తరతరాలుగా అంటరానితనాన్ని భరించినవారికి తమవాడే మేస్త్రీగా నిలబడి తమను పేరుపెట్టి పిలవడం అన్నంతో సమానమైన ఉపశమనం.

4. బాప్తిస్మం వాయిదా

శిబిరంలో బోధ ఆగలేదు. విరామవేళల్లో బోధకులు కూలివారితో కూర్చుని, ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతినిస్తానన్న క్రీస్తు పిలుపును వివరించేవారు. మట్టితట్టలు మోసేవారికి ఆ మాట అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర లేదు. బాప్తిస్మం కోరేవారి సంఖ్య పెరిగింది.

క్లౌ మాత్రం 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు, అంటే సుమారు పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు ఇవ్వలేదు. సహాయం అందుతున్నంతకాలం ఆకలి ఏదో, విశ్వాసం ఏదో తేల్చడం అసాధ్యమన్నది ఆయన ఆలోచన. సంఖ్యాబలాన్ని విజయానికి కొలమానంగా భావించే మిషనరీ వ్యవస్థలో ఇది సాధారణ నిర్ణయం కాదు.

సహాయనిధులు ముగిశాక, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద సమావేశమైన జనానికి ఇక ఇవ్వడానికి డబ్బు లేదని స్పష్టంగా తెలిపారు. అయినా వారు బాప్తిస్మం కోరారు. 1878 జులై 3న 2,222 మంది, ఆ మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. సంవత్సరాంతానికి ఈ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

5. విమర్శ – పరిమితులు

వెల్లంపల్లి ఘటన వెంటనే సందేహాలకు లోనైంది. కూటికోసం మతం మారినవారిని ‘రైస్ క్రిస్టియన్లు’ అని ఎగతాళి చేసే అలవాటు అప్పటికే ఉంది. ఇంత తక్కువ వ్యవధిలో ఇంతమందిని పరీక్షించి చేర్చుకోవడం సాధ్యమా అని మిషనరీ వర్గాలు కూడా ప్రశ్నించాయి.

ఈ విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేం. వాయిదా పడింది బాప్తిస్మమే తప్ప బోధ కాదు. అన్నం దొరికిన చోటనే సువార్త కూడా వినిపించింది. కృతజ్ఞతకూ విశ్వాసానికీ మధ్య గీత గీయడం కూలివారికైనా సాధ్యమై ఉండకపోవచ్చు. మరోవైపు, దీన్ని కరువు ఫలితంగా మాత్రమే చూడటమూ అసమగ్రమే. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు కరువుకు పదేళ్ళ ముందునుంచే గ్రామాల్లో తిరుగుతున్నారు. క్రైస్తవులైనవారు చచ్చిన పశువుల మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహపూజ మానాలి అన్న నియమాలుండేవి. వీటిని పాటించడమంటే గ్రామ పెద్దల ఆగ్రహాన్ని కొనితెచ్చుకోవడమే. మతం మారడంలో లాభంతోపాటు నష్టమూ ఉన్నప్పుడు, ఆకలి ఒక్కటే కారణమనడం ఆ ప్రజల వివేచనను తక్కువ చేయడమవుతుంది.

ఆధారాలకూ ఒక పరిమితి ఉంది. అందుబాటులోని కథనంలో అధికభాగం మిషనరీలు రాసిందే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ మాదిగల మౌఖిక కథనాలను కొంతవరకు నమోదు చేసింది. అదీ అనువాదంలో, ఇతరుల కలం ద్వారా వచ్చినదే. కాలువ తవ్వినవారి వైపునుంచి ఈ చరిత్రను పునర్నిర్మించడం పరిశోధకుల ముందున్న పని.

6. ముగింపు

1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి విపత్తు సహాయానికి ప్రవర్తనా నియమావళిని రూపొందించాయి. మత, రాజకీయ దృక్పథాల వ్యాప్తికి సహాయాన్ని సాధనం చేయరాదనీ, స్థానికుల సామర్థ్యంపై ఆధారపడాలనీ అది నిర్దేశించింది. ఈ కొలమానంతో చూస్తే ఒంగోలు అనుభవం నుంచి మూడు అంశాలు తేలుతాయి.

1. సహాయం ముగిసేదాకా బాప్తిస్మాన్ని ఆపడం ద్వారా స్వీకర్తకు కాదనే అవకాశం లభించింది. సహాయం ఆగాక కూడా నిర్ణయం మారకపోతేనే దాన్ని అతని సొంత నిర్ణయంగా పరిగణించవచ్చు.

2. బాధితుల సమాజంలోనివారే సేవకులైనప్పుడు పరిచర్యలో గౌరవం నిలుస్తుంది. ఈ ఘట్టంలో మాదిగ బోధకుల పాత్ర క్లౌ పాత్ర కంటే తక్కువది కాదు.

3. బోధ, సహాయం ఒకే శిబిరంలో సాగినందున నేటి ప్రమాణాలకు ఈ పద్ధతి పూర్తిగా సరిపోదు. దాని విలువ హద్దు అవసరమని గుర్తించడంలో ఉంది, ఆ హద్దును సంపూర్ణంగా పాటించడంలో కాదు.

సమరయుడు పూటకూళ్ళ ఇంటి నుంచి వెళ్ళిపోయిన తర్వాత గాయపడినవాడు ఏమయ్యాడో ఉపమానం చెప్పదు. ఆ తరువాతి కథ అతనిది. పరిచర్య చేసేవారు ఆ కథను అతనికే వదిలిపెట్టగలిగారా లేదా అన్నదే ఏ సేవకైనా నికషం.