వినియోగదారుని ఇంటికి నేరుగా వైన్ సరఫరా: అమెరికా రాష్ట్రాల నిబంధనలు – ఒక వివరణ

(ప్రత్యేక వ్యాసం)

వైన్ తయారీదారు తన సరుకును టోకు వర్తకుని ప్రమేయం గాని, చిల్లర దుకాణం ప్రమేయం గాని లేకుండా నేరుగా వినియోగదారుని ఇంటికి పంపవచ్చునా? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ప్రశ్నకు దేశమంతటికీ వర్తించే ఒకే సమాధానం లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేర్వేరు నిబంధనలను రూపొందించుకున్నది. అయితే ఈ అధికారానికి ఒక హద్దు ఉన్నదని ఆ దేశ సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. మద్యం నియంత్రణ రాష్ట్రాల పరిధిలోనే ఉన్న మన దేశంలోనూ ఈ అంశం గమనింపదగినది.

మన ప్రాంతంలో "వైన్ షాపు" అనగానే అన్ని రకాల మద్యం విక్రయించే దుకాణమనే అర్థం స్థిరపడింది. ఈ వ్యాసంలో వైన్ అనగా ప్రధానంగా ద్రాక్ష నుండి తయారయ్యే పానీయం మాత్రమే.

రాష్ట్రాల అధికారానికి మూలం

అమెరికాలో 1920 నుండి అమలులో ఉన్న మద్యనిషేధం 1933 డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణతో రద్దయింది. రాష్ట్ర చట్టాలకు విరుద్ధంగా ఆ రాష్ట్రంలోకి మద్యాన్ని తరలించడాన్ని అదే సవరణలోని రెండవ విభాగం నిషేధించింది. దీని ఆధారంగా అనేక రాష్ట్రాలు మూడంచెల విధానాన్ని ఏర్పాటు చేసుకున్నవి. ఈ విధానంలో తయారీదారు టోకు వర్తకునికి, టోకు వర్తకుడు చిల్లర వర్తకునికి, చిల్లర వర్తకుడు వినియోగదారునికి సరుకు విక్రయించవలసి ఉంటుంది. పన్ను వసూలుకు, పర్యవేక్షణకు ఈ పద్ధతి అనుకూలమైనది.

కాలక్రమంలో చిన్న తయారీదారులకు ఇది అవరోధమైంది. 1984 నుండి 2002 వరకు లైసెన్సు గల టోకు వర్తకుల సంఖ్య 1,600 నుండి 600కు తగ్గగా, వైన్ తయారీ కేంద్రాలు 3,000కు పైగా పెరిగినవని సుప్రీంకోర్టు తన తీర్పులో పేర్కొన్నది. స్వల్ప పరిమాణంలో వైన్ తయారుచేసే వారి సరుకును స్వీకరించే టోకు వర్తకులు కరవైనందున, ఇతర రాష్ట్రాల కొనుగోలుదారులను చేరుకోవడానికి వారికి నేరుగా పంపడమే మార్గమైంది.

2005 నాటి తీర్పు

మిషిగన్ రాష్ట్రం తమ రాష్ట్ర తయారీదారులకు నేరుగా సరఫరా చేసే అవకాశం కల్పించి, బయటి వారికి నిరాకరించింది. న్యూయార్క్ రాష్ట్రం బయటి తయారీదారులు తమ రాష్ట్రంలో కార్యాలయం, గిడ్డంగి వంటివి నెలకొల్పితేనే అనుమతి ఇచ్చేది. గ్రాన్‌హోమ్ వర్సెస్ హీల్డ్ కేసులో 2005 మే 16న సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో ఈ రెండు విధానాలను కొట్టివేసింది. మెజారిటీ తీర్పును జస్టిస్ ఆంథొనీ కెన్నెడీ రాశారు.

తీర్పు సారాంశం ఇది: రాష్ట్రం నేరు సరఫరాను పూర్తిగా నిషేధించవచ్చు, లేదా అనుమతించవచ్చు. అనుమతించినట్లయితే స్వరాష్ట్ర, పరరాష్ట్ర తయారీదారులకు సమాన షరతులు వర్తింపజేయాలి. మైనర్లకు మద్యం అందుతుందని, పన్ను ఎగవేత జరుగుతుందని రాష్ట్రాలు వ్యక్తం చేసిన ఆందోళనలను కోర్టు పరిశీలించింది. ఆ ప్రమాదం స్వరాష్ట్ర సరఫరాలోనూ ఉన్నదని, వయోజనుని సంతకం, లైసెన్సు, పన్ను నివేదికల ద్వారా దానిని నివారించవచ్చునని అభిప్రాయపడింది.

ప్రస్తుత షరతులు

తీర్పు అనంతరం రెండు రాష్ట్రాలూ చట్టాలను సవరించినవి. న్యూయార్క్ చట్టం ప్రకారం లైసెన్సు పొందిన పరరాష్ట్ర తయారీదారు ఒక్కొక్క వినియోగదారునికి ఏడాదికి 36 కేసులకు మించి పంపరాదు. ఒక కేసు పరిమాణం 9 లీటర్లకు మించరాదు. అనగా 750 మిల్లీలీటర్ల సీసాలు పన్నెండు. పెట్టెలో వైన్ ఉన్నదని, 21 సంవత్సరాలు నిండిన వ్యక్తి సంతకం అవసరమని, సరుకు తిరిగి విక్రయించరాదని పెట్టెపై ముద్రించాలి. మిషిగన్‌లో పరిమితి తయారీదారునికి వర్తిస్తుంది. ఒక లైసెన్సుదారు ఆ రాష్ట్ర వినియోగదారులందరికీ కలిపి ఏడాదికి 1,500 కేసులకు మించి పంపరాదు. అమెరికా తపాలా శాఖ ద్వారా వినియోగదారులకు మద్యం పంపడం నిషిద్ధం కాబట్టి ఈ సరఫరా ప్రైవేటు రవాణా సంస్థల ద్వారానే జరుగుతున్నది.

2005 తీర్పు తయారీదారులకు సంబంధించినది. చిల్లర వర్తకుల విషయంలో వివాదం కొనసాగింది. చిల్లర మద్యం లైసెన్సుకు రెండేళ్ల స్థానిక నివాసం ఉండాలన్న టెనెసీ నిబంధనను సుప్రీంకోర్టు 2019 జూన్‌లో కొట్టివేసింది. అయితే స్వరాష్ట్ర చిల్లర వర్తకులకు మాత్రమే ఇంటి సరఫరాను అనుమతించిన మిషిగన్ చట్టాన్ని 2020లో ఆరవ సర్క్యూట్ అప్పీలు కోర్టు సమర్థించింది.

మన రాజ్యాంగంలో

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాలోని 8వ అంశం మద్యం ఉత్పత్తి, రవాణా, విక్రయాలను రాష్ట్రాలకు అప్పగించింది. అదే జాబితాలోని 51వ అంశం, దేశంలో ఇతర చోట్ల తయారైన మద్యంపై రాష్ట్రం విధించే ప్రతితుల్య సుంకం స్వరాష్ట్ర మద్యంపై విధించే రేటుకు సమానంగా గాని, తక్కువగా గాని ఉండాలని నిర్దేశిస్తున్నది. సుంకం విషయంలో సమానత్వ సూత్రం మన రాజ్యాంగ పాఠంలోనే ఉన్నదన్నమాట. మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని 47వ అధికరణం ఆదేశిస్తున్నది.

ఇంటి సరఫరా విషయమై 2020 మే 8న, లాక్‌డౌన్ సందర్భంగా, మన సుప్రీంకోర్టు రాష్ట్రాలు ఆ పద్ధతిని పరిశీలించవచ్చునని సూచించి, నిర్ణయాన్ని వాటికే విడిచింది. ఆ ఏడాది పశ్చిమ బెంగాల్, ఒడిశా వంటి రాష్ట్రాలు దానిని అనుమతించినవి.

అమెరికా అనుభవం నుండి గ్రహించవలసినది ఒక్కటే. అనుమతించాలా, నిరాకరించాలా అన్నది విధాన నిర్ణయం. అనుమతించిన పక్షంలో వయసు నిర్ధారణ, పరిమాణ పరిమితి, పన్ను చెల్లింపు అనే మూడు అంశాలు నిబంధనలలోనే స్పష్టంగా ఉండాలి. అవి సరఫరాదారులందరికీ ఒకే రీతిగా వర్తించాలి.