షెడ్డులో పుట్టి, వంటింట్లో నిలిచి

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో ఉండే జాన్ యాష్లీ హార్ట్ 1929లో నీళ్ళు కాచుకోవడానికి ఒక పరికరం తయారుచేశారు. పేరు థర్మెట్. పొడవాటి రాగి పాత్ర, మధ్యలో పైకి పోయేకొద్దీ సన్నబడే పొగగొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళు, అడుగున విడిగా తీయగలిగే చిన్న పొయ్యి. ఎండుపుల్లలు, పైన్ కాయలు వేసి అంటిస్తే మంట గొట్టంలోకి లాగుతుంది. గాలి వీస్తే ఆరిపోవడానికి బదులు ఇంకా జోరుగా మండుతుంది. పన్నెండు కప్పుల నీళ్ళు ఐదు నిమిషాల్లో మరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్ళిన న్యూజిలాండ్ సైనికుల వెంట ఇదీ వెళ్ళింది. అక్కడ దానికి బెంఘాజీ బాయిలర్ అని పేరొచ్చింది.

పెరట్లో కొబ్బరి పీచు, చితుకులు వేసి స్నానానికి నీళ్ళు కాచే మన రాగి బాయిలర్ తెలిసినవాళ్ళకు దీని కిటుకు వేరే చెప్పనక్కర్లేదు. నడుమ నిప్పు, చుట్టూ నీళ్ళు. వేడి బయటికి పోయే లోపే నీళ్ళు దాన్ని పట్టేసుకుంటాయి. థర్మెట్ న్యూజిలాండ్‌లో ఇప్పటికీ అమ్మకానికి ఉంది. కొండలకూ బీచ్‌లకూ వెళ్ళేవాళ్ళకే కాదు, మామూలు ఇంటికి కూడా ఒకటి ఉండాలంటాను. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపాను వచ్చి హాక్స్ బే ప్రాంతంలో చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, నాలుగు పుల్లలతో నీళ్ళు కాచుకోగలగడం ఎంత పెద్ద విషయమో అందరికీ తెలిసింది. అయితే నీళ్ళు పోయకుండా మంట పెట్టకూడదు, అతుకులు ఊడిపోతాయి. నీళ్ళు పోసే మూతిని బిరడాతో బిగించి కాచకూడదు. ఇంటి లోపల, గరాజులో అసలే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. వేసవిలో మీ ప్రాంతంలో నిప్పు మీద నిషేధం ఉందేమో చూసుకోవాలి.

థర్మెట్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నాలుగు వస్తువులు విప్పి, బిగించి, బాగుచేసుకోవడంలో ఆనందం ఉన్నవాళ్ళ కోసం రాస్తున్న కథనం ఇది. అలాంటివాళ్ళకు ఏ వస్తువైనా సిఫారసు చేసేముందు నేను చూసేది ఒక్కటే: లోపల ఏం జరుగుతోందో వాడేవాళ్ళకు తెలుస్తోందా? తెలిస్తే దాన్ని బాగుచేసుకుంటాం, మన అవసరానికి తగ్గట్టు మలుచుకుంటాం, ఇంకొకరికి నేర్పుతాం. తెలియకపోతే పాడైన రోజున బయట పడేస్తాం.

బాగుచేసుకునే ఈ అలవాటు న్యూజిలాండ్‌కు ఊరికే రాలేదు. మిగతా ప్రపంచానికి ఓడ ప్రయాణమంత దూరంలో ఉన్న దేశం. పొలం కంచెలకు వాడే నాలుగు మిల్లీమీటర్ల ఎనిమిదో నంబరు తీగతోనే గేటు నుంచి ట్రాక్టరు దాకా సరిచేసుకున్న రైతులు. పైగా 1938 చివర్లో ప్రభుత్వం దిగుమతులకు లైసెన్సులు పెట్టింది. 1980లలో అవి తొలగేదాకా విదేశీ సరుకు సులువుగా దొరికేది కాదు కాబట్టి ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే దారి. లైసెన్సుల కాలం చూసిన మన పెద్దవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. సుమీత్ మిక్సీ కథ గుర్తుందా? భార్య మాధురి వాడే విదేశీ మిక్సర్ కాలిపోతే, మన పప్పులూ మసాలాలూ రుబ్బగల మోటారు కోసం ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ పట్టుబట్టి కూర్చున్నారు. 1963లో సుమీత్ అలా పుట్టింది.

మళ్ళీ న్యూజిలాండ్‌కే వస్తే, దక్షిణ దీవిలో సెంట్రల్ ఒటాగో ప్రాంతం, ఒటూరెహువా అనే చిన్న ఊరు. అక్కడ ఎర్నెస్ట్ హేస్ 1895లో పనిముట్ల తయారీ మొదలుపెట్టారు. కంచె తీగను బిగించి లాగే ఆయన వైర్ స్ట్రెయినర్ దేశమంతా పాకింది. ఆయన పనిముట్లను అమ్మిపెట్టింది భార్య హానా. సైకిలు మీద కొండదారుల్లో ఫారం ఫారానికీ తిరిగి, నమూనాలు చూపించి ఆర్డర్లు తెచ్చేవారు. కొనేవాళ్ళ చేతికి పనిముట్టు ఇచ్చి, వాడి చూపించి అమ్మడం కంటే మంచి సిఫారసు ఏముంటుంది? ఆ కార్ఖానా ఇప్పుడు వారసత్వ కట్టడం, చూడటానికి వెళ్ళవచ్చు. వాళ్ళ కుటుంబం పేరుతోనే ఇన్వర్‌కార్గిల్‌లో నడుస్తున్న ఇనుప సామాన్ల దుకాణంలో, మోటారు సైకిలు వేగంలో ప్రపంచ రికార్డులు కొట్టిన బర్ట్ మన్రో బండి కూడా ఉంటుంది. అది కూడా షెడ్డులో చెక్కిన బండే.

ఇక వంటింటికి వద్దాం. ఇక్కడ న్యూజిలాండ్‌లోని తెలుగు ఇళ్ళలో చలికాలపు పెద్ద సమస్యలు రెండు: పెరుగు తోడుకోదు, ఇడ్లీ పిండి పొంగదు. జూలైలో ఆక్లండ్ సగటు ఉష్ణోగ్రత 11 డిగ్రీల దగ్గర ఉంటుంది, క్రైస్ట్‌చర్చ్ ఇంకా చల్లన.

పెరుగుకు నా ఓటు ఈజీయో డబ్బాకే. 1990లలో ఆక్లండ్‌లో మొదలైన కంపెనీ ఇది. కరెంటు లేదు, స్విచ్చి లేదు. వేడి నిలిపే పెద్ద డబ్బా, అందులో నీళ్ళ మట్టానికి పైన నిలబడేలా ఒక జాడీ, అంతే. కంపెనీవాళ్ళు చెప్పేది తమ పొడిని చల్లటి నీళ్ళలో కలిపి, బయటి డబ్బాలో మరిగే నీళ్ళు పోయమని. మనం చేసేది అలా కాదు. కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలలో తోడు వేస్తాం. పాలు అప్పటికే వెచ్చగా ఉన్నాయి కనుక కింద మరిగే నీళ్ళు పోస్తే వేడి మితిమీరుతుంది. 50 డిగ్రీలు దాటితే తోడులోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. చేయి పెట్టలేనంత వేడి కాకుండా, 45 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ళు పోసి మూత పెట్టండి. రాత్రి పెడితే పొద్దున్నకు గడ్డ పెరుగు. తోటి కుటుంబాలకు కానుకగా ఇవ్వదగ్గ వస్తువు ఇది.

పిండికి పాత ఇళ్ళలో హాట్ వాటర్ కబ్బర్డ్ ఉంటుంది. వేణ్ణీళ్ళ ట్యాంకు ఉండే ఆ అలమర ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు బ్రెడ్డు పిండి పొంగడానికి అక్కడే పెడతారు, మనవాళ్ళు ఇడ్లీ పిండి పెడతారు. నీళ్ళకు గ్యాసు హీటరున్న కొత్త ఇళ్ళలో ఆ సదుపాయం లేదు. అలాంటివాళ్ళు తోట సామాన్ల దుకాణంలో దొరికే హీట్ ప్యాడ్ కొనండి. విత్తనాల ట్రే కింద పరిచే పలుచటి విద్యుత్ చాప అది. థర్మోస్టాట్ కలిపి 28 డిగ్రీలకు పెట్టి, పిండి గిన్నె దాని మీద ఉంచి తువ్వాలు కప్పండి. అదే చాప ఆగస్టు చివర్లో మిరప, వంగ విత్తనాలను మొలకెత్తిస్తుంది. ఆ రెంటికీ కూడా 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనమే కావాలి.

గ్రైండరు, మిక్సీ ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తెచ్చుకోవచ్చు. ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే. ప్లగ్గు మాత్రం వేరు. తడి చేతులతో వాడే సామానుకు ఎర్త్ కలవని ట్రావెల్ అడాప్టరు తగిలించకండి; ఎలక్ట్రీషియన్ చేత ఇక్కడి ప్లగ్గు వేయించండి. ఇల్లు పాతదైతే సాకెట్టుకు తగిలించే ఆర్‌సీడీ కూడా కొనండి. కరెంటు లీకై 30 మిల్లీయాంపులకు చేరేసరికి అది సరఫరా ఆపేస్తుంది.

ఇంట్లో పెట్టుకోవలసిన అతి చవకైన, అతి ఉపయోగకరమైన వస్తువు ఏదంటే గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ అంటాను. ఇక్కడి పాత ఇళ్ళు చాలావరకు చెక్క ఇళ్ళు. కొత్త ఇళ్ళకు ఇన్సులేషన్ తప్పనిసరి అయింది 1978లో. అంతకుముందు కట్టినవి చలికాలంలో లోపల కూడా వణికిస్తాయి. మనం అన్నం, పప్పు, సాంబారు ఉడికిస్తాం, బట్టలు లోపలే ఆరేస్తాం. ఆ ఆవిరంతా చల్లటి కిటికీ అద్దం మీద నీరవుతుంది, తర్వాత పరుపు వెనక గోడకు బూజు పడుతుంది. పిల్లల దగ్గు అక్కడే మొదలు కావచ్చు. మీటరులో అంకె 65 శాతం దాటి అక్కడే నిలిచిపోతుంటే డీహ్యూమిడిఫయర్ కొనే సమయం వచ్చిందన్నమాట. ఇందులో రెండు రకాలు. కంప్రెసర్ రకం వెచ్చని గదిలో బాగా పనిచేస్తుంది, గది 15 డిగ్రీల కంటే చల్లబడేకొద్దీ వెనకబడుతుంది. డెసికెంట్ రకం చలిలోనూ నీళ్ళు లాగుతుంది, కాకపోతే కరెంటు ఎక్కువ తింటుంది. హీటరు లేని పడకగదికి రెండోది, రోజంతా వెచ్చగా ఉండే హాలుకు మొదటిది. అద్దె ఇంట్లో ఉంటే, డబ్బు ఖర్చుపెట్టేముందు హెల్దీ హోమ్స్ ప్రమాణాలు చదవండి. హాలును 18 డిగ్రీలకు వేడి చేయగల హీటరు, వంటింట్లో బయటికి గాలి తోలే ఫ్యాను పెట్టడం ఇంటి యజమాని బాధ్యత.

చేతిపని ఇష్టమైనవాళ్ళు తెలుసుకోవలసిన అసలు నిధి మాత్రం తుక్కులో ఉంది. ఫిషర్ అండ్ పేకెల్ కంపెనీ 1991లో స్మార్ట్‌డ్రైవ్ వాషింగ్ మెషిన్ తెచ్చింది. బెల్టు లేదు, గేరుబాక్సు లేదు. మోటారు నేరుగా డ్రమ్ము ఇరుసుకే ఉంటుంది. రోటరులో శాశ్వత అయస్కాంతాలు ఉన్నాయి కాబట్టి, కరెంటు ఇస్తే తిరిగే ఈ మోటారును మనం తిప్పితే అది కరెంటు ఇస్తుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో ఔత్సాహికులు పారేసిన మెషిన్ల నుంచి దాన్ని ఊడదీసి గాలిమరలకు, చిన్న వాగుల మీది టర్బైన్లకు బిగించారు. టారనాకీలో ఎకోఇన్నొవేషన్ సంస్థ పవర్‌స్పౌట్ అనే జల టర్బైన్లకు దీన్నే జనరేటరుగా వాడింది. వేగంగా తిప్పితే వందల వోల్టులు వస్తాయి, కనుక బ్యాటరీలకు సరిపోయేలా తీగచుట్లను తిరిగి కలపడం తెలిసినవాళ్ళ పక్కన కూర్చునే నేర్చుకోవాలి.

తెలిసినవాళ్ళు ఎక్కడుంటారు? మెన్‌షెడ్‌లో. ఆస్ట్రేలియాలో 1990లలో పుట్టిన ఆలోచన ఇది. న్యూజిలాండ్‌లో జాతీయ సంఘం 2013లో ఏర్పడింది, ఇప్పుడు వందకు పైగా షెడ్లున్నాయి. రంపం, చిత్రిక, లేతు, వెల్డింగు సామాను అందరికీ ఉమ్మడి. బడికి బెంచీలు, పక్షులకు గూళ్ళు, ఎలుకల ఉచ్చుల పెట్టెలు చేసిస్తారు. ఈ మాట ప్రత్యేకంగా పిల్లల దగ్గర ఉండటానికి వచ్చిన తండ్రుల కోసం రాస్తున్నాను. జీవితమంతా వర్క్‌షాపులో, రైల్వేలో, కరెంటాఫీసులో పనిచేసిన మనిషి ఇక్కడికొచ్చి, కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుని ఉండిపోవడం చాలా ఇళ్ళలో జరుగుతోంది. ఆయన చేతుల్లో నైపుణ్యం ఉంది. ఇంగ్లిషు తడబడినా చిత్రిక పట్టే చేయి తడబడదు. ‘నాన్నా, ఒక్కసారి వచ్చి చూడండి’ అని దగ్గర్లోని షెడ్డుకు మీరే తీసుకెళ్ళండి. ఆయనకు కొనివ్వగల ఏ ఫోనుకన్నా, ఏ టీవీకన్నా అది మంచి కానుక అని గట్టిగా నమ్ముతున్నాను.

ఏడాదికోసారి వాడే డ్రిల్లు, సాండరు కొననే అక్కర్లేదు. ఆక్లండ్ లైబ్రరీ ఆఫ్ టూల్స్ వంటి చోట్ల సభ్యత్వం కట్టి పుస్తకాల్లా తెచ్చుకుని ఇచ్చేయవచ్చు. పాడైన సామాను తీసుకెళ్ళి బాగుచేయించుకునే రిపేర్ కెఫేలు 2009లో ఆమ్‌స్టర్‌డాంలో మొదలయ్యాయి, ఇప్పుడు ఇక్కడి ఊళ్ళలోనూ జరుగుతున్నాయి.

తోటపని గురించి రెండే మాటలు. ఎరువు కలిపిన మట్టి సంచి విప్పేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. ఆ దుమ్ములో ఉండే లీజనెల్లా బ్యాక్టీరియా వల్ల తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. ఇండియా నుంచి తొలిక, కొడవలి, చెక్క కవ్వం తెస్తుంటే ప్రయాణికుల డిక్లరేషన్‌లో తప్పక చూపండి. మట్టి ఆనవాలు లేకుండా కడిగి తేవాలి. చెప్పకుండా తెచ్చి దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

కొనేటప్పుడు చట్టం కూడా ఒక పనిముట్టే. 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం ప్రకారం విడిభాగాలు, మరమ్మతు సదుపాయం సముచిత కాలంపాటు దొరికేలా తయారీదారు చూడాలి. కానీ ‘ఇవి దొరకవు’ అని కొనేముందే తెలియజేస్తే ఆ బాధ్యత నుంచి తప్పించుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది. ఆ వాక్యం ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. డబ్బు కట్టకముందు దుకాణంలోనే వెతికి చదవండి, స్పేర్ పార్టులు ఎన్నాళ్ళు దొరుకుతాయని నోరు తెరిచి అడగండి. ట్రేడ్ మీ వెబ్‌సైటులో మామూలు వ్యక్తి దగ్గర పాతది కొంటే ఈ చట్టం వర్తించదు. అందుకని అమ్మేవాళ్ళ ఇంట్లోనే ప్లగ్గు పెట్టించి, ఖాళీగా కాకుండా బరువు మీద నడిపించి చూశాకే డబ్బు ఇవ్వండి.