పిల్లలతో సింహళ యాత్ర: తొందరపడితే తంటా

వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరికి బండి కట్టించడం ఒకనాటి మాట. ఇప్పుడు పల్లెల్లోనూ పాస్‌పోర్టులున్న ఇళ్లు కనిపిస్తున్నాయి. కొడుకో కూతురో ఉద్యోగంలో కుదురుకుని, మనుమలకు నాలుగైదేళ్లు వచ్చేసరికి ‘ఒకసారి పరదేశం చూసి వద్దాం’ అన్న మాట ఇంట్లో వస్తోంది. అలాంటి వారికి చేరువలో ఉన్న పరదేశం శ్రీలంక. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలోపే కొలంబో. గుంటూరులో బస్సెక్కి మాచర్ల చేరడానికి అంతకంటే ఎక్కువసేపే పడుతుంది.

దగ్గరే కదా అని తేలికగా తీసుకుంటే మాత్రం చిక్కే. పెద్దవాళ్లు ఒక పూట తిండి తప్పినా ఓర్చుకుంటారు. మూడేళ్ల పిల్ల ఓర్చుకోదు. ‘ఏడు రోజుల్లో పది ఊళ్లు’ అని ఏజెంటు ఇచ్చిన జాబితా పట్టుకుని బయలుదేరిన కుటుంబం, నాలుగో రోజున జ్వరం వచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని భాష తెలియని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కోవలసి వస్తే ఆ విహారం ఎవరికి విహారం? పిల్లలతో చేసే ప్రయాణానికి కొలబద్ద పిల్లలే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్న వారికి లంక చక్కని చోటు.

ఏ నెలలో ఏ తీరం

లంకకు వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసింది రుతువుల సంగతి. అది చిన్న దీవే అయినా వానాకాలాలు రెండు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమటి, దక్షిణ తీరాల మీద విరుచుకుపడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వంతు. అప్పుడు వానలు తూర్పు తీరానికి.

మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంతోట, హిక్కడువ వంటి పేరున్న పడమటి తీరాల్లో సముద్రం పోటెత్తడం మొదలవుతుంది. ఫొటోల్లో చూసిన నీలిరంగు నీళ్లు అక్కడ ఉండవు. అదే సమయంలో తూర్పున ట్రింకోమలీ దగ్గరి నిలావెలి, బట్టికలోవా దగ్గరి పాసికుడా తీరాలు ప్రశాంతంగా ఉంటాయి. పాసికుడాలో చాలా దూరం వరకు లోతు తక్కువ. చిన్నపిల్లలు ఇసుకలో ఆడుకుని మోకాళ్ల నీటిలో తడవడానికి అనువైన చోటు. సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారు దీనికి తారుమారుగా పడమటి, దక్షిణ తీరాలనే ఎంచుకోవాలి.

తీరం ఏదైనా సముద్రం సముద్రమే. బాపట్ల సూర్యలంకలో అలలు ఎలా లాగుతాయో ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎర్రజెండా ఎగురుతుంటే నీటిలో దిగరాదు. పిల్లలు నీటి అంచున ఉన్నంతసేపూ చేయి చాపితే అందేంత దూరంలో పెద్దవారు ఒకరు ఉండాలి. ఆ సమయంలో ఆ పెద్దమనిషి చేతిలో ఫోను ఉండకూడదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ లంకలో 30 వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. పెరలియ వద్ద ఒక రైలునే ముంచేసింది. సముద్రం ఒక్కసారిగా వెనక్కు తగ్గితే గవ్వలు ఏరుకోవడానికి ముందుకు పోకుండా, మెరక వైపు పరుగెత్తాలని పిల్లలకు నేర్పడం మంచిది. ఆ పాఠం మన తీరం వారికీ అవసరమే.

ఊళ్లు తగ్గించుకోవాలి

వారం రోజుల ప్రయాణానికి మూడు మకాములు చాలు. లంకలో దూరాలు తక్కువగా కనిపించినా రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. కొలంబో నుంచి కాండీ సుమారు 115 కిలోమీటర్లే అయినా కారులో మూడు గంటలకు తక్కువ పట్టదు. మలుపుల దారిలో కడుపునిండా తిన్న పిల్లలు వాంతి చేసుకోవడం మామూలే. తెల్లవారుజామునే బయలుదేరి, మధ్యాహ్నానికి మకాం చేరి, పిల్లలు కునుకు తీశాక సాయంత్రం ఒక్క చోటు చూస్తే చాలు.

సిగిరియా కొండను అందరూ చూడమంటారు. అయిదో శతాబ్దంలో కాశ్యపరాజు కట్టించిన కోట అది. 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అయితే పైకి ఎక్కడానికి సుమారు 1,200 మెట్లు. చివరన బండను ఆనుకుని నిటారుగా ఇనుప మెట్లు ఉంటాయి. చంటిబిడ్డను చంకన వేసుకుని ఎక్కే చోటు కాదది. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకూ అంతే. పెద్దపిల్లవాడితో తండ్రి ఉదయాన్నే ఎక్కి వస్తే, మిగిలినవారు కింద ఉద్యానవనంలో చెట్ల నీడన కూర్చోవచ్చు. అందరూ అన్నీ చూసి తీరాలన్న పట్టుదలే పిల్లల ప్రయాణాలను చెడగొడుతుంది.

పిల్లలు పరుగెత్తడానికి కాండీ పక్కనే పెరదేనియ తోట ఉంది. 1821లో ఏర్పడిన ఈ తోట 147 ఎకరాలు. మహావలి నది దాని చుట్టూ తిరిగి పోతుంది. పందిరిలా విస్తరించిన పెద్ద మర్రిజాతి చెట్టు కింద పిల్లలు గంటసేపు ఆడుకున్నా విసుగెత్తరు.

ఏనుగు పిల్లకు పాలు

పిల్లలకు లంక అంటే ఏనుగులే. పిన్నవెలలో 1975లో ఏనుగుల అనాథాశ్రమం ఏర్పాటయింది. అక్కడి ఏనుగులను మంద మందగా ఓయ నదికి స్నానానికి తోలుకుపోవడం చూడముచ్చటగా ఉంటుంది. దక్షిణాన ఉడవలవెలో 1995 నుంచి మరో కేంద్రం నడుస్తోంది. తల్లిని పోగొట్టుకున్న గున్నలను అక్కడ పెంచి, ఎదిగాక తిరిగి అడవిలో వదిలిపెడతారు. నిర్ణీత వేళల్లో గున్నలు వరుసగా వచ్చి గొట్టంతో పోసే పాలు తాగుతుంటే జనం దూరం నుంచి చూస్తారు. ముట్టుకోనివ్వరు. ‘ఎందుకు ముట్టుకోకూడదు?’ అని పిల్లలు అడిగితే ‘మనుషులకు అలవాటు పడితే అది అడవిలో బతకలేదు’ అని చెప్పవచ్చు. సెలవుల్లో నేర్చుకునే పాఠాలలో ఇదొకటి.

కొండమీద చలి

నువరెలియ సముద్రమట్టానికి 1,868 మీటర్ల ఎత్తున ఉంది. కింద ఉక్కపోతలో చెమటలు కక్కిన పిల్లలు పైకి చేరేసరికి వణుకుతారు. తలకొక స్వెట్టరు తప్పనిసరి. చుట్టూ తేయాకు తోటలే. 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ దొర లూల్‌కందుర వద్ద 19 ఎకరాల్లో నాటిన తేయాకే లంకలో ఆ వ్యాపారానికి నాంది. అప్పటి నుంచి ఆ తోటల్లో ఆకు కోసి చెమటోడ్చినవారిలో ఎక్కువమంది దక్షిణ భారతం నుంచి వలసపోయిన కూలీలు, వారి సంతతివారే.

కొండల్లో రైలు ప్రయాణం లంకకే పేరు తెచ్చింది. కానీ 2025 నవంబరు చివరలో వచ్చిన దిత్వా తుపానుకు కొండచరియలు విరిగిపడి వందలాది మంది చనిపోయారు. రైలు మార్గాలు, రోడ్లు బాగా దెబ్బతిన్నాయి. ఏ దారిలో రైళ్లు నడుస్తున్నదీ కనుక్కున్నాకే టిక్కెట్లు కొనుక్కోవాలి. రైలెక్కాక తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగే పెద్దలను చూసి పిల్లలూ అదే చేస్తారని మరువరాదు.

అన్నమూ నీళ్లూ

తిండికి బెంగ లేదు. అక్కడివారిదీ అన్నమే. ‘బత్’ అంటే అన్నం, ‘పరిప్పు’ అంటే పప్పు. ఆవిరి మీద ఉడికించిన ఇడియప్పం, గిన్నెలా ఉండే అప్పం, కొబ్బరిపాలతో వండే ‘కిరిబత్’ పిల్లలు ఇష్టంగా తింటారు. కూరల్లో కారం మాత్రం మన జిల్లాకు తీసిపోదు. పిల్లలకు కారం లేకుండా అని ముందే చెప్పాలి. కుండల్లో తోడుపెట్టిన గేదె పెరుగు మీద జీలుగు పానకం పోసి ఇస్తారు. నాయనమ్మలకు అది తప్పక నచ్చుతుంది.

నీళ్లు మాత్రం మూత తీయని సీసాల్లోవే తాగించాలి, లేదా కాచి చల్లార్చాలి. దాహానికి దారిపొడుగునా నారింజ రంగు కొబ్బరిబోండాలు దొరుకుతాయి. వాటిని అక్కడ ‘తంబిలి’ అంటారు. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంటి నుంచే తీసుకుపోవాలి. అవి అయిపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించవచ్చు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టుగా. పిల్ల నీరసించి, మూత్రం తగ్గి, కళ్లు గుంటలు పడితే ఇంటి వైద్యంతో సరిపెట్టక వెంటనే డాక్టరుకు చూపించాలి.

దోమ, కుక్క, కోతి

శ్రీలంకలో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ధ్రువీకరించింది. అయితే డెంగీ ఉంది. 2017లో అక్కడ లక్షా 80 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. కనుక దోమతెర రాత్రికే అనుకోకుండా పగలు నిద్రపోయే బిడ్డకూ కట్టాలి. పొడుగు చేతుల నూలు బట్టలు తొడగాలి. తిరిగివచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లి వచ్చిందీ డాక్టరుకు తప్పక చెప్పాలి.

గుళ్ల దగ్గర కోతులు, వీధుల్లో కుక్కలు చాలా. అరటిపండు చేతికిచ్చి కోతి దగ్గరకు పిల్లను పంపి ఫొటో తీయడం ముచ్చట కాదు, ముప్పు. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు కుక్కకాటు టీకా మొదలుపెట్టించాలి. ఇంటికి వచ్చాక చూద్దామనరాదు. అంబులెన్సుకు అక్కడ 1990 నంబరు. ‘సువ సెరియ’ అనే ఈ ఉచిత సేవ 2016లో భారతదేశ సాయంతో మొదలైందన్నది మనకు గర్వకారణం.

మనవాళ్ల జాడ

లంకకూ మనకూ చుట్టరికం ఈనాటిది కాదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనంలో ‘సింహళ విహారం’ ప్రస్తావన ఉంది. అంటే ఆనాడు లంక నుంచి భిక్షువులు మన కృష్ణ ఒడ్డుకు వచ్చేవారన్నమాట. 1739 నుంచి 1815 వరకు కాండీని ఏలిన నాయక్కర్ రాజులు తెలుగు మూలాలున్న వంశంవారు. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహను ఆంగ్లేయులు వేలూరు కోటకు పంపగా 1832లో అక్కడే కన్నుమూశాడు. నేటికీ లంకలో పాములాడించి బతికిన అహికుంటికుల ఇళ్లలో తెలుగు మాట వినిపిస్తుంది.

ప్రయాణానికి ముందు ఒక ఆదివారం పిల్లలను సాగర్ తీసుకువెళ్లి నాగార్జునకొండ చూపిస్తే, కాండీలో దంతమందిరం ముందు నిలబడినప్పుడు వారికి అది పరాయి ఊరనిపించదు.

బయలుదేరే ముందు

చంటిబిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాలి. తల్లి పాస్‌పోర్టులో పేరు రాయించే పద్ధతి ఇప్పుడు లేదు. లంక ప్రవేశానికి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకోవాలి. రుసుము, నిబంధనలు మారుతుంటాయి గనుక ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోవాలి, మధ్యవర్తి మాట నమ్మి డబ్బు కట్టరాదు. టీకాలు సకాలంలో వేయించి, ఆ కార్డు నకలు వెంట ఉంచుకోవాలి. పిల్లల జేబులో తండ్రి ఫోను నంబరు, బస చేసే హోటలు పేరు రాసిన చీటీ పెట్టాలి.

అప్పుచేసి మరీ వెళ్లవలసిన యాత్ర కాదిది. చేతిలో ఉన్నదాన్ని బట్టి అయిదు రోజులే వెళ్లినా తక్కువేమీ కాదు. తిరిగి వచ్చాక పిల్లలను అడిగితే కోటల పేర్లు చెప్పరు. పాలు తాగిన గున్న, కాళ్లకింద జారిపోయిన ఇసుక, నాన్న రోజంతా తమ పక్కనే ఉండడం, ఇవే చెబుతారు. వాటికి కావలసింది తీరికే గాని పది ఊళ్ల జాబితా కాదు.