మైకు ఎవరి చేతిలో ఉంది?

ఫోన్ తీస్తే చాలు... పాడ్‌కాస్టులు, రీల్స్, లైవ్‌లు. ఇంకా రేడియో ఎందుకు? యాప్‌లు రాసే ఉద్యోగం కాబట్టి నాకూ అదే డౌటు. దానికి జవాబు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో ఉంది.

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపించిన పి.వి. సతీష్ ఒకప్పుడు దూరదర్శన్ ప్రొడ్యూసర్. పల్లె మహిళల మీద ప్రోగ్రాములు తీయడం ఆయనకు కొత్తేం కాదు. అయినా మైకు, కెమెరా వాళ్ల చేతికే ఇచ్చారు. స్టూడియో సిద్ధమైంది, లైసెన్సు మాత్రం రాలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో దారి తెరుచుకుంది మాత్రం 2006లో. ఈలోగా ఆ మహిళలు ఊరికే కూర్చోలేదు. క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. నడిపేది దళిత మహిళలు. విత్తనాలు, చిరుధాన్యాలు, పండగ పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే.

మా ఆఫీసులో ఏం చేసినా 'రీచ్ ఎంత?' అనేదే మొదటి ప్రశ్న. ఆ లెక్కన చుట్టుపక్కల ఊళ్లకే వినిపించే ఈ స్టేషన్ ఫెయిలైనట్టే. కానీ దీన్ని వినడానికి డేటా ప్యాక్ అక్కర్లేదు. ఏం వినాలో అల్గారిథమ్ తేల్చదు. మాట్లాడేది పక్కూరి అక్క. తప్పు చెబితే మర్నాడు చేను గట్టు మీదే నిలదీయొచ్చు.

సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ప్రసారాలకు సాయం చేయడమంటే మంచి యాప్ కట్టివ్వడమే అనుకునేవాణ్ణి. మైకు ఇచ్చేసి పక్కకు తప్పుకోవడం అంతకంటే కష్టమని ఇప్పుడు తెలుస్తోంది.