ఏ విడతలో దరఖాస్తు పంపవలెను?

అమెరికాలోని వ్యాపార నిర్వహణ విద్యాలయములు ఎం.బి.ఏ. దరఖాస్తులను విడతలుగా స్వీకరించును. మొదటి విడత గడువు సెప్టెంబరు ప్రాంతమునను, రెండవది జనవరిలోను ముగియుట పరిపాటి. పెక్కింట మార్చి, ఏప్రిల్ నెలలలో మూడవ విడతయు కలదు. హార్వర్డులో సాధారణ ప్రవేశములకు అది లేదు.

ముందే పంపుదమా, ఆగుదమా అని మన యిండ్లలో తర్జనభర్జనలు జరుగుచుండును. మొదటి విడతనాటికి సీట్లన్నియు ఖాళీగా నుండును. విద్యార్థి వేతనముల నిధియు తరిగియుండదు. అయినను ఒక సంగతి మరువరాదు. ఒక విడతలో కాదన్న విద్యాలయమునకు మరల దరఖాస్తు చేయుటకు సాధారణముగా మరుసటి సంవత్సరము వరకు ఆగవలసినదే. తొందరపాటు వలన ఏడాది కాలము పోవును.

ప్రవేశమునకై వ్రాయు జీమాట్ పరీక్షలో మార్కులు చాలనిచో 16 దినములు గడచినగాని మరల వ్రాయ వీలులేదు. సిఫారసు లేఖ వ్రాయు పై యధికారికిని కొన్ని వారముల వ్యవధి నొసగవలెను. ఆగస్టు చివరకు ఇవి సిద్ధమైనచో మొదటి విడతయే మేలు; కానిచో రెండవ దానికి నిస్సంకోచముగా ఆగవచ్చును.

మూడవ విడతలో మిగులు సీట్లు కొలదియే. వీసాకు వ్యవధియు స్వల్పము. విదేశమునకు పోవలసిన మన విద్యార్థులు దానిని నమ్ముకొనరాదని మా అభిప్రాయము.